‘చూద్దాం’ అనని ఎమ్మెల్యే గారు

“సిస్టర్, మన ఎమ్మెల్యే సార్ పోయిండు” అని రాజేశం ఫోన్ చేసి చెప్పేసరికి నేను అరబ్బు దేశంలో, ఖోర్ ఫక్కాన్ ఆసుపత్రిలో మధ్యాహ్నం డ్యూటీకి చెప్పులు మార్చుకుంటున్నాను. నిద్రలోనే పోయారట. పొద్దున్నే కూతురు కాఫీ పట్టుకెళ్ళి చూసేసరికి ఒళ్ళు చల్లబడి ఉందట. తొంభై ఏడేళ్ళ మనిషి. నర్సుని కదా, నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఫోన్ పెట్టేసి ముగ్గురు పేషెంట్లకు బీపీ చూశాను. నాలుగో మంచం దగ్గరికి వెళ్ళాక చేతిలో కాగితం ఎందుకు పట్టుకున్నానో గుర్తు రాలేదు.

చదివేవాళ్ళకు ముందే చెప్పేస్తాను. ఆయన మన ఎమ్మెల్యే కాదు. అసలు మన దేశం మనిషే కాదు. కెనడాలో గోధుమలు పండే ఒక రాష్ట్రంలో, పందొమ్మిదివందల యాభైల్లోనూ అరవైల మొదట్లోనూ, అక్కడి శాసనసభలో సభ్యుడు. మొదటిసారి గెలిచేనాటికి పాతికేళ్ళు దాటాయంతే. మూడుసార్లు గెలిచి, నాలుగోసారి ఓడిపోయి, విత్తనాల కొట్టు పెట్టుకున్నారు. భార్య పోయాక, తొంభై దాటిన వయసులో, ఇక్కడ అబుధాబి వైపు అల్ ఐన్‌లో కాలేజీ పాఠాలు చెప్పే కూతురి దగ్గరికి వచ్చి ఉన్నారు. కరోనా గొడవ సద్దుమణిగిన ఏడాది, ఇళ్ళకు నర్సులను పంపే ఒక ఏజెన్సీ నన్ను ఆయన దగ్గరికి పంపింది. పగటిపూట డ్యూటీ, దాదాపు రెండేళ్ళు చేశాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు తెలిసిన ఎమ్మెల్యే అంటే ఖద్దరు చొక్కా, వెనక నాలుగు కార్లు, ముందు వంద దండలు. ఈయన దగ్గర రెండు చొక్కాలు, ఒక టై, ఒక పెన్సిల్ ఉండేవి. ఆ పెన్సిల్ ఎవరు చెక్కినా నచ్చేది కాదు. చేతులు వణుకుతున్నా చాకుతో తనే చెక్కుకునేవారు. చెక్కు ముక్కలు నేలమీద పడకుండా ఒళ్ళో పాత పేపరు పరుచుకునేవారు. బీపీ చూసేటప్పుడు కబుర్లు చెప్పొద్దంటే అప్పుడే మొదలుపెట్టేవారు.

ఆ కబుర్లన్నీ రోడ్ల గురించే. అక్కడి సభ చలికాలంలోనే జరిగేదట. సభ్యుల్లో సగంమంది రైతులు, విత్తనాల వేళకు ఇంటికి పోవాలి. రాజధానిలో ఒక చవక హోటల్లో గది. ఆ గదిలో ఈయనతో పాటు అధికార పార్టీ సభ్యుడొకాయన. పగలంతా సభలో ఒకరి మీద ఒకరు లేవడం, సాయంత్రం గదికొచ్చి ఒకే హీటరు మీద ఇద్దరి మేజోళ్ళూ ఆరేసుకోవడం. సభ లేని రోజుల్లో నియోజకవర్గం తిరగడమే పని. కారు డిక్కీలో ఒక పార, ఒక ఇసుక బస్తా ఎప్పుడూ ఉండేవట. మంచులో చక్రం కూరుకుపోతే తవ్వుకుని, ఇసుక చల్లుకుని బయటపడాలి. “మా ఓటర్లలో సగంమందికి నేను తవ్వుకుంటూ ఉన్నప్పుడే పరిచయమయ్యాను” అనేవారు.

మంత్రి పదవి రాలేదా అని అడిగితే నవ్వారు. ఆయన పార్టీ పన్నెండేళ్ళూ ప్రతిపక్షమేనట. రోడ్డు వేసేది వాళ్ళు, కరెంటు స్తంభం ఇచ్చేది వాళ్ళు, ఆసుపత్రి కట్టేది వాళ్ళు. ఈయన చేయగలిగింది అడగడమే. ప్రతి శనివారం ఒక ఊళ్ళో, ఎవరో ఒకరి వంటింట్లో కూర్చునేవారు. వచ్చినవాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే నోటుబుక్కులో ఎడమ పేజీ మీద రాసుకునేవారు. రాసింది తిరిగి చదివి వినిపించి, “మీరు చెప్పింది ఇదేనా?” అని అడిగేవారు. అవునన్నాకే కుడి పేజీలో తన జవాబు. వారం తిరక్కుండా ఆ జవాబు ఉత్తరంగా ఇంటికి వెళ్ళాలి. అవదన్నా సరే, వెళ్ళాలి.

“అవదని చెప్పడానికి అంత కష్టపడి ఉత్తరం ఎందుకు సార్? ఊరుకుంటే వాళ్ళకే తెలిసిపోతుందిగా” అన్నాను ఒకరోజు, కాళ్ళకు నూనె రాస్తూ.

“ఊరుకుంటే ఎదురు చూస్తారు. నావల్ల కాదని చెబితే ఇంకో తలుపు కొడతారు. అక్కడ పని అవ్వచ్చు. నా ఉద్యోగంలో మూడొంతులు కాదని చెప్పడమేనమ్మా. అది తొందరగా చెప్పడమే నాకు తెలిసిన విద్య.”

మనసులో నవ్వుకున్నాను. ఇలాంటాయన మూడుసార్లు ఎలా గెలిచాడా అనిపించింది. నా చిన్నప్పుడు మా నాన్న, మా ఊరి కాలవ మీద వంతెన కోసం, ఎమ్మెల్యే ఇంటి ముందు రెండు పూటలు నిలబడి వచ్చాడు. “ఏమన్నారు?” అని మా అమ్మ అడిగితే, “చూద్దాం అన్నారే! భుజం మీద చెయ్యేసి మరీ అన్నారు” అని చెప్పాడు. ఆ రోజు మా ఇంట్లో కోడికూర. ఆ వంతెన ఇప్పటికీ లేదు. అయినా మా నాన్న చనిపోయేదాకా ఆ ఎమ్మెల్యేని పల్లెత్తు మాట అనలేదు. అలా పెరిగినదాన్ని నేను. చూద్దాం అనడం మర్యాద, కుదరదని మొహం మీద చెప్పడం పొగరు అనే అనుకునేదాన్ని.

ఆ ఇంటి గోడ అవతల ఖర్జూరం తోట. తోట పని చేసేది రాజేశం, మరో అయిదారుగురు. రాజేశంది జగిత్యాల వైపు. నలభై అయిదేళ్ళుంటాయి, మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు. మా గేటు దగ్గర మంచినీళ్ళ కుళాయికి వచ్చేవాడు. తెలుగు మాట వినపడగానే నా ప్రాణం లేచొచ్చినట్టయింది.

“గా ముసలాయన ఏం జేసెటోడు సిస్టర్?” అని అడిగాడు.

శాసనసభ్యుడికి నాకు తెలిసిన మాట ఒకటే. “ఎమ్మెల్యే” అన్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ తరువాతి శుక్రవారం, తోటకు సెలవు రోజు, ముగ్గురు మనుషులు తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏమిటంటే, “ఎమ్మెల్యే సార్‌ను కలుద్దామని.” నేను నవ్వాపుకోలేక లోపలికెళ్ళి చెప్పాను. ఆయన నవ్వలేదు. టై తెమ్మన్నారు. వరండాలో కుర్చీ వేయించుకుని, కూతుర్ని అడిగి కొత్త నోటుబుక్కు తెప్పించుకుని, “ఒక్కొక్కరినీ రమ్మను” అన్నారు.

అలా మొదలైంది శుక్రవారాల కచేరీ. ఒకరికి గదిలో ఏసీ పనిచేయదు. ఒకరి కొడుకుకి ఊళ్ళో హాస్టల్ సీటు కావాలి. ఒకాయన తమ్ముడు బనియాస్‌లో ఉంటాడు, అల్ ఐన్‌కి మార్పించాలి. వాళ్ళు తెలంగాణ తెలుగులోనో హిందీలోనో చెబితే నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని. ఆయన రాసుకుని, చదివి, నాచేత తిరిగి చెప్పించి, జవాబిచ్చేవారు. జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇది నావల్ల కాదు, ఫలానా చోట అడగండి. నేను దాన్ని తెలుగు చేసేదాన్ని. వెనక్కి తిరిగి చూసుకుంటే, మూడు నెలల్లో ఆయన ఒక్కరికీ ఔననలేదు. నేను ఒక్కరికీ కాదనలేదు. “చూస్తారంట” అనేదాన్ని. “రాసుకున్నారు కదా, చూస్తారు.” వాళ్ళు దండం పెట్టి సంతోషంగా వెళ్ళేవాళ్ళు. నాకూ హాయిగా ఉండేది.

ఆ ఎండాకాలంలో ఒక శుక్రవారం రాజేశం తన పని మీద వచ్చాడు. అంతకుముందు ఊరికే కూర్చుని పోయేవాడు. ఆ రోజు కూర్చోలేదు.

తాత నుంచి వచ్చిన ఎకరన్నర పొలం రాజేశం తండ్రి పాలుకు, తండ్రి పోయాక రాజేశానికి వచ్చింది. దాన్ని చిన్నాన్న కొడుకు తనదంటున్నాడు. మండల ఆఫీసు వాళ్ళు ఇద్దరినీ ఒక తేదీకి రమ్మన్నారు. ఆ రోజు వచ్చి సంతకం పెట్టి తన మాట చెప్పుకోకపోతే, వచ్చినవాడి పేరు మీదే పాసుబుక్కు రాసేస్తారు. తేదీకి ఇంకా యాభై రెండు రోజులున్నాయి. వీళ్ళంతా అర్బాబ్ అని పిలిచే తోట యజమాని వైద్యానికి వేరే దేశం వెళ్ళాడు. కొడుకును సెలవడిగితే, ఖర్జూరం కోత అయ్యేదాకా కుదరదన్నాడు. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది.

“సార్ ఒక్క మాట జెప్తె అర్బాబ్ కొడుకు ఇంటడు సిస్టర్. ఎమ్మెల్యే మాట ఎవలు తీసేస్తరు?”

ఆయన అంతా రాసుకున్నారు. ఆ ఎకరన్నర ఎక్కడ ఎలా ఉందో నాచేత గీయించుకుని చూశారు. చదివి వినిపించారు. రాజేశం అవునన్నాడు. అప్పుడు ఆయన పెన్సిల్ కింద పెట్టి నాతో ఇలా అన్నారు: “నేనిక్కడ కూతురి వీసా మీద ఉన్న అతిథిని. నా మాటకు ఇక్కడ విలువ లేదు. పైగా నేను చెబితే అతనికి చెడు జరగొచ్చు. చేయలేనని ఇప్పుడే చెప్పు. రేపే తన ఎంబసీకి వెళ్ళి, తన బదులు భార్య సంతకం పెట్టే వీలుందేమో కనుక్కోమను. నా కోసం ఒక్క రోజు కూడా ఆగొద్దని చెప్పు.”

రాజేశం నా మొహంలోకే చూస్తున్నాడు. నోరు తెరిచాను. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

“చూస్తారంట అన్నా. మీరేం దిగులు పెట్టుకోకండి. కావాలంటే ఎంబసీలో కూడా ఒకసారి అడగమన్నారు.”

ఎమ్మెల్యేయే చూస్తానన్నాక ఎంబసీకి ఎవరు పోతారు? రాజేశమూ పోలేదు. తరువాతి శుక్రవారం వచ్చి ఆయన కాళ్ళ దగ్గర ఒక బుట్టెడు పచ్చి ఖర్జూరాలు పెట్టి వెళ్ళాడు. ఆ తరువాత శుక్రవారం ఇంకో బుట్ట. ఆయన ఎండ దెబ్బకు కొన్నాళ్ళు మంచం పట్టారు. లేచి వరండాలోకి వచ్చిన మొదటి శుక్రవారం, మూడో బుట్ట వచ్చింది. రాజేశం వెళ్ళేదాకా ఊరుకుని, ఆయన ఒక పండు తీసుకుని చేతిలో తిప్పుతూ అడిగారు.

“కాదన్నవాడికి ఎవరైనా పళ్ళు తెస్తారా? ఆ రోజు నువ్వు అతనికి ఏం చెప్పావు?”

దాచలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. మా నాన్న సంగతి కూడా చెప్పాను, కాస్త జాలి చూపిస్తారేమోనని. ఆయన గొంతు పెంచలేదు. “ఎన్ని రోజులయింది?” అన్నారు. ఆరు వారాలు. “నువ్వు దయ చూపించాననుకున్నావు. అతని రోజులు తీసుకున్నావు” అన్నారు. తరువాత చక్రాల కుర్చీ తెమ్మన్నారు.

తోటలో కుర్చీ సాగలేదు. నీళ్ళ కాలవ గట్టు మీద చక్రం దిగబడింది. రాజేశం చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నన్ను చూసి, “నేను చెప్పింది చెప్పు. అంతే చెప్పు” అన్నారు. “మీ పని చేయలేనని నేను మొదటి రోజే అన్నాను. ఆ మాట మీ దాకా రాలేదు. మీరు నా కోసం ఎదురు చూశారు. తప్పు నాది.”

“తప్పు మీది కాదు సార్, నాది” అన్నాను.

“చెప్పు” అన్నారు.

చెప్పాను. చెప్పాక నా మాట కూడా చెప్పాను. రాజేశం మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, కాలవ గట్టు మీద కూర్చున్నాడు. వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు.

“ఇంక పదొద్దులున్నయ్ సిస్టర్. పోదాం పాండ్రి” అన్నాడు. నన్ను తిట్టలేదు. ఒక్కమాట తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ మర్నాడే పెద్దాయన కూతురు మమ్మల్ని కారులో అబుధాబిలోని ఎంబసీకి తీసుకెళ్ళింది. భార్య పేర అధికారపత్రం రాసి ముద్ర వేయించుకోవచ్చన్నారు, కానీ అసలు పాస్‌పోర్టు కావాలన్నారు. వెనక్కి వచ్చాం. అర్బాబ్ కొడుకు “బుక్రా” అన్నాడు. రేపు. మర్నాడు అడిగినా రేపే. నా ‘చూస్తారంట’కి అది చుట్టమే, వినగానే పోల్చుకున్నాను. అయిదో రోజున పాస్‌పోర్టు చేతికొచ్చింది. కాగితం మీద ముద్ర పడింది. కొరియర్‌లో పంపాం. ఊరు చేరేసరికి తేదీ దాటి రెండు రోజులు. పొలం చిన్నాన్న కొడుకు పేరు మీదికి వెళ్ళిపోయింది.

ఆయన ఆ నోటుబుక్కులో కుడి పేజీ మీద ఆ విషయం కూడా రాసుకున్నారు. నన్ను మాన్పించలేదు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఒక్కటి మాత్రం మారింది. శుక్రవారాలు నేను తెలుగులో చెబుతుంటే, నా వైపు కాక, వినేవాడి మొహం వైపు చూసేవారు. వచ్చినవాడి మొహం కాస్త వాడితే, సరిగ్గానే చెప్పానని తల ఊపేవారు. కాదంటే కాదని తెలిశాక జనం పల్చబడ్డారు. ఆఖరికి ఇద్దరు ముగ్గురే మిగిలారు. వాళ్ళూ అడగడానికి కాదు, ఊరికే కూర్చోవడానికి వచ్చేవాళ్ళు. వాళ్ళకు మంచు సంగతులు చెప్పేవారాయన. నేను ఖోర్ ఫక్కాన్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయేటప్పుడు, నా చేయి పట్టుకుని, “నువ్వు మంచి నర్సువి. అబద్ధం మాత్రం బాగా ఆడలేవు, అది మంచిదే” అన్నారు. అది పొగడ్తో తిట్టో తెలియలేదు. ఖోర్ ఫక్కాన్ వెళ్ళే దారంతా బస్సులో ఏడ్చాను.

కోత అయ్యాక రాజేశం నెల సెలవు మీద ఊరెళ్ళి, పొలం మళ్ళీ తన పేరు మీదికి మార్చమని కాగితాలు వేసి వచ్చాడు. భార్య లచ్చవ్వ ప్రతి సోమవారం కలెక్టర్ ఆఫీసుకు అర్జీ పట్టుకుని పోతోంది. నేను కూడా చేతులు కడుక్కుని ఊరుకోలేక, మా తమ్ముడి స్నేహితుడు, కరీంనగర్‌లో లాయరు, ఆయనకు కాగితాలు పంపించాను. రెండు నెలల క్రితం ఆయన ఫోన్ చేసి చెప్పాడు: ఆ పొలం చేతులు మారిపోయింది, కొన్నవాడు పునాది కూడా తవ్వాడు, ఆ ఎకరన్నర ఇక రాదు, ఆశ పెట్టొద్దు. రాజేశం ఆ తరువాత నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ నేను, “లాయరు గారు చూస్తున్నారట” అన్నాను. అవును, మళ్ళీ. అంత జరిగాక కూడా.

అంత్యక్రియలకు సెలవు పెట్టి అల్ ఐన్ వెళ్ళాను. చిన్న కార్యక్రమం. రెండు పాటలు, ఒక ప్రార్థన. తరువాత ఇంటి వరండాలో కూతురు ఒక కాగితం చదివింది. ఆయన సభ్యుడిగా ఉన్న శాసనసభ వాళ్ళు పంపింది. ఏ నియోజకవర్గం, ఎన్నిసార్లు గెలుపు, ఏయే సంఘాల్లో సభ్యత్వం. చాలా పొడిగా ఉంది. ఆయన తెచ్చిన చట్టం ఒక్కటీ లేదు. నోటుబుక్కుల సంగతీ లేదు. పెట్టెనిండా ఉన్నాయని, ఏం చేయాలో తెలియడం లేదని ఆమె తరువాత నాతో అంది.

తోటవాళ్ళు ఇస్త్రీ చొక్కాల్లో వచ్చి వెనక నిలబడ్డారు. అందరూ వెళ్ళాక రాజేశం నా దగ్గరికి వచ్చాడు.

“సిస్టర్, లాయర్ సార్ ఏమన్న జెప్పిండా? నా భూమి మల్లొస్తదా?”

ఎప్పటిలాగే నా మొహంలోకి చూస్తున్నాడు.

“రాదు రాజేశం అన్నా” అన్నాను. “అది అమ్మేశారు. పునాది కూడా పడింది. లాయరు రెండు నెలల క్రితమే చెప్పారు. నేనే మీకు చెప్పలేదు.”

రాజేశం గోడకేసి చూశాడు. “గట్లనా” అన్నాడు. గేటు దాటి తోటలోకి వెళ్ళాడు. నేను గోడ దగ్గరే నిలబడిపోయాను. గోడ అవతల రాజేశం జేబులోంచి ఫోన్ తీసి ఊరికి కలిపాడు. మాట నాకు వినబడుతూనే ఉంది.

“లచ్చవ్వా, ఇగ సోమారం ఆఫీసుకు పోకు. లేదు, గదంత అయిపోయింది. రాదు. సిస్టర్ నిజం జెప్పింది. ఏడువకు. ఇను. మీ అన్నను అడుగు, కౌలుకేమన్న దొరుకుతదేమో. రేపే అడుగు. వానలు పడకముందుకే పట్టుకోవాలె.”

ఫోన్ జేబులో పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా విప్పి చెట్టుకు తగిలించాడు. కాలవలోకి దిగి, నీళ్ళకు అడ్డంగా ఉన్న చెక్క పలకను రెండు చేతులతో పైకి లాగాడు. ఆగి ఉన్న నీళ్ళు ఒక్కసారిగా కదిలి, అవతలి వరస చెట్ల మొదళ్ళలోకి పారడం మొదలుపెట్టాయి.